గెట్టు బంటు

జిలానీ సాబు ఎన్నడూ నడిమి బంటును ముట్టడు.
మంత్రి పక్కన ఒంటె, ఒంటె ముందర బంటు,
దాన్ని రెండు గళ్ళు జరిపి
చాయ్ సాసర్ల వొంపుకుంటడు.
ఎనిమిదేండ్ల సంది ప్రతి ఐతారం అదే ఎత్తు.

నల్లవి నేనే అడిగి తీసుకున్న.
కాలిన మోటర్లు బాగుజేసేటోనికి
ముందుగాల ఎవడో ఒకడు చెయ్యిపెట్టాలె గద,
తర్వాతనే మన చెయ్యి.

దేవరకొండల, కొండమల్లేపల్లి తొవ్వకు నా వైండింగ్ దుకాణం.
శనివారం రాత్రి షట్టర్ సగం దించి
ఐదు హెచ్‌పీ మోటరుకు రాగితీగ చుట్టుకుంట
రేపటి జవాబు ఎంచుకుంటున్న.
ఇరవై నాలుగు గాడులు. గాడికి యాభై ఆరు సుట్లు.
లెక్క తప్పితే మళ్ళ మొదటికెంచి.

రాజు ముందటి బంటును రెండు గళ్ళు తోలుదునా?
ముప్పై ఒకటి, ముప్పై రెండు.
నడుమ నాదైతది, గుర్రాలకు జాగ దొరుకుతది.
గని సాబుకు గావాల్సింది గదే.
నడుమ మనకే ఇడిశిపెట్టి
మూలకు ఒంటెను కూసోబెట్టి, పొడుగు గీత పొంటి
దూరంకెంచి కొరుక్కుంట వస్తడు.

నేను గూడ ఒంటెను మూలకు పెట్టి
సప్పుడు జేయక సూస్తనా?
దానికి ఓపిక గావాలె.
నా ఓపిక వార్నిష్ ఆరేదాకనే.

పోనీ, రాజు బంటును ఒక్క గడే జరిపి
దాని ఆసరతోటి మంత్రి బంటును నడిమికి పంపుదునా?
పేర్చిన రాతికట్ట లెక్క గట్టిగుంటది,
గని ఎనక నా ఒంటె
తలుపేసిన కొట్టంల దూడ లెక్క ఒర్రుతది.

యాభై మూడు. యాభై నాలుగు.
యాభై...
తప్పింది.

తప్పినకాడ నాయిన యాదికొచ్చిండు.
మా చెల్క కొలవనీకి సర్వేయరు వచ్చిన నాడు
ఉతికిన అంగీ తొడుక్కొని
సరిగ్గ చెల్క నడిమిట్ల నిలబడ్డడు,
ఎవడు కదిలిస్తడో సూద్దమని.
ఎవడూ కదిలియ్యలే.
గొలుసు గెట్టు పొంటి పోయింది,
తుమ్మచెట్టు దాటి
ఈతచెట్ల బావికాడ జరంత వంకర తిరిగింది.
పొద్దుగూకేటాళ్లకు నడుమంత నాయినదే.
బావి పక్కాయినది.
ఇప్పటికీ ఆ నీళ్ళు వాళ్ల బత్తాయిలు తాగుతయి.

గొలుసు గుంజింది చైన్‌మన్.
కాయిదం మీద గీత గీసింది జిలానీ సాబు.
ఆయనకు యాదుందో లేదో.
రిటైరైనంక టేబుల్ ఫ్యాను సుట్టించుకోనీకి వచ్చి
బల్ల మీద బోర్డు జూసి కూసున్నడు.
నేను అడగలే. ఆయన జెప్పలే.
ఫ్యాను పైసలు గూడ తీసుకోలే, ఎందుకో.

ఐతారం. కరెంటు లేదు.
ఆయన బంటు జరిపి సాసర్ అందుకున్నడు.
రాజు బంటు మీదికి పోయిన నా చెయ్యి
ఆడికే ఆగి ఎనక్కొచ్చింది.
ఆయన ఒంటె బంటుకు ఎదురుంగ
నా ఒంటె బంటును తోలిన.
మొకానికి మొకం, గెట్టు మీద.

సాబు సాసర్ కింద పెట్టిండు.
అద్దాలు దీసి, తుడిశి, మళ్ళ పెట్టుకున్నడు.
వేలుతోని బోర్డు అంచు పొంటి
ఈ మూలకెంచి ఆ మూలకు రుద్దిండు.
నేను చాయ్ దిక్కు సూసిన. మీద తెట్టె కట్టింది.

పదో ఎత్తు కాడ కరెంటొచ్చింది.
దానెనకనే ఆటోల రెండు కాలిన మోటర్లు.
"వరి ఎండుతుందన్నా, జల్ది జెయ్యి."
పావులు కదలకుండ బోర్డెత్తి
వార్నిష్ డబ్బాల పక్కన అర మీద పెట్టిన.

"ఎత్తెవరిది?" అన్నడు సాబు చెప్పులు తొడుక్కుంట.
మీదే సాబ్ అన్న.
ఆయన జరసేపు గడప మీదనే నిలబడ్డడు.
నేను మాడిన తీగ కోసుడు మొదలువెట్టిన.